రాత్రి బండి ఎక్కడ ఛార్జింగ్ పెడుతున్నారు?

విజయవాడ ఆటోనగర్ దగ్గర నాది చిన్న బ్యాటరీ షాపు. మొదట్లో ఇన్వర్టర్ బ్యాటరీలు, ఆటో బ్యాటరీలు చూసేవాణ్ణి. 2019 నుంచి లిథియం ప్యాక్‌లు కూడా చేస్తున్నాను. ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుని ఎవరు వచ్చినా, మీటరు పెట్టకముందే ఒక మాట అడుగుతాను: "రాత్రి బండి ఎక్కడ ఛార్జింగ్ పెడుతున్నారు?"

ఎక్కువగా వినిపించే జవాబులు మూడు. హాల్లో, మెట్ల కింద, గుమ్మం పక్కన. ఎందుకని అడిగితే "బయట పెడితే ఎత్తుకుపోతారన్నా" అంటారు, లేదా "అక్కడే ప్లగ్గు ఉంది" అంటారు. రెండూ నిజమైన ఇబ్బందులే. అయినా ఆ మూడు చోట్లూ మార్చుకోమనే చెబుతాను.

ఈ ప్రశ్న నాకు 2022 ఏప్రిల్ నుంచి అలవాటైంది. ఆ నెలలో మా విజయవాడలోనే, పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఒకాయన చనిపోయారు. అదే నెలలో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఒక పెద్దాయన పోయారు. సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది పోయారు. అక్కడ పొగ మెట్లదారినే పైకి వెళ్ళింది. దిగి రావాల్సిన దారే మూసుకుపోయింది.

అందుకే నేను ఛార్జర్ గురించి, వోల్టేజి గురించి తర్వాత మాట్లాడతాను. ముందు చోటు.

చోటు

లిథియం బ్యాటరీకి నిప్పు అంటుకునే తీరు వేరు. కట్టెకి మంట అంటుకోవాలంటే బయటి నుంచి వేడి తగలాలి. బ్యాటరీ లోపల ఉండే సెల్‌కి ఆ అవసరం లేదు. లోపల ప్లస్ పొరకీ మైనస్ పొరకీ మధ్య వెంట్రుక కన్నా సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది చిరిగినా, వేడికి కరిగినా లోపలే షార్టవుతుంది. దాంతో వేడి పుడుతుంది, ఆ వేడికి లోపలి రసాయనాలు విడిపోయి ఇంకా వేడి పుట్టిస్తాయి. ఒక సెల్ వేడి పక్క సెల్‌కి తగులుతుంది. 48 వోల్టుల 30 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) ప్యాక్ ఒకటి విప్పితే, చిన్న సెల్స్‌తో కట్టినదైతే లోపల నూట యాభై దాకా సెల్స్ ఉండొచ్చు. మొదట పొగ కనిపించిన దగ్గర్నుంచి మంట పూర్తిగా లేవడానికి ఒక్కోసారి నిమిషం కూడా పట్టదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. రెండూ విషాలే.

కాబట్టి గుర్తు పెట్టుకోవాల్సింది ఇది: మీకూ బయటికి వెళ్ళే తలుపుకీ మధ్యలో బ్యాటరీ ఉండకూడదు. మెట్ల కింద చోటు అన్నిటికన్నా చెడ్డది. పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళందరికీ అదే దారి.

సొంత ఇల్లయితే వరండా గానీ పోర్టికో గానీ మంచిది. నీడ ఉండాలి, గాలి ఆడాలి, వాన జల్లు పడకూడదు. కింద గచ్చో టైల్సో ఉండాలి. చుట్టూ 3 అడుగుల మేర చెప్పుల స్టాండు, కర్టెన్, పాత పేపర్లు, గ్యాస్ బండ, పెట్రోలు బండి ఏవీ వద్దు. బ్యాటరీ ఊడదీసి ఛార్జింగ్ పెట్టే రకమైతే మంచం మీద, సోఫా మీద అసలు పెట్టకండి. పరుపు వేడిని పోనివ్వదు, పైగా తనే అంటుకుంటుంది.

అపార్ట్‌మెంటులో అయితే అసోసియేషన్‌ని ఒప్పించి, మెట్లకీ లిఫ్టుకీ దూరంగా ఒక గోడ దగ్గర విడిగా పాయింట్లు పెట్టించుకోండి. ఒక్కో పాయింటుకి ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్), మొత్తానికి ఒక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), సరైన ఎర్తింగు ఉండాలి. ఖర్చు పది ఇళ్ళకి పంచుకుంటే పెద్దగా తేలదు. పై ఫ్లాటు నుంచి కిటికీలోంచి వైరు వేలాడదీసి కింద బండికి పెట్టడం చాలాచోట్ల చూశాను. ఆ వైరు ఎండకి, వానకి పైతొక్క పగిలి, ఒకరోజు గ్రిల్లుకి తగిలి షాక్ కొడుతుంది. బ్యాటరీ సంగతి తర్వాత.

ఒక్క గదిలో అద్దెకుండే కుర్రాళ్ళకి చెప్పడమే నాకు కష్టం. డెలివరీ చేసే పిల్లలు ముగ్గురు నలుగురు కలిసి ఒక గదిలో ఉంటారు. బ్యాటరీ పైకి మోసుకెళ్ళక తప్పదు. వాళ్ళకి నేను చెప్పేది: వీలైతే పని చేసే చోట పెట్టుకోండి, లేదా బ్యాటరీలు మార్చి ఇచ్చే స్టేషన్ దగ్గర్లో ఉంటే అది వాడండి. రెండూ కుదరకపోతే బాల్కనీలో పెట్టండి. బాల్కనీ కూడా లేకపోతే తలుపుకి దూరంగా ఉండే మూలన, నేల మీద పెట్టి, మీరు తలుపు వైపు ఉండండి. అది కూడా మెలకువగా ఉన్నప్పుడే.

వేళ

రాత్రంతా పెట్టి ఉంచడం మనకి ఇన్వర్టర్ బ్యాటరీల నుంచి వచ్చిన అలవాటు. పూర్తిగా దిగిపోయాకే ఎక్కించాలన్నది పాత నికెల్ బ్యాటరీల నుంచి వచ్చింది. లిథియానికి రెండూ అక్కర్లేదు. 30 ఏహెచ్ ప్యాక్‌ని 6 ఆంపియర్ల ఛార్జర్‌తో పెడితే ఐదు గంటల పైన పడుతుంది, 10 ఆంపియర్లయితే మూడు గంటల చిల్లర. అది కూడా పూర్తిగా ఖాళీ అయితేనే. రోజూ సగం వాడేవాళ్ళకి అందులో సగం టైమే చాలు. పది గంటలు ప్లగ్గులో ఎందుకు ఉండాలి?

మా ఊళ్ళో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు తగిలే రోజులుంటాయి. చాలా సెల్స్‌కి ఛార్జింగ్ పెట్టే వేడి హద్దు కూడా 45 డిగ్రీలే. ఎండలో తిరిగొచ్చిన ప్యాక్ లోపల అంతకన్నా వేడిగా ఉంటుంది. అందుకని బండి రాగానే ప్లగ్గు పెట్టొద్దు. నీడలో అరగంట, ఎండాకాలంలో గంట ఆగండి. పెట్టె మీద అరచేతి వెనక భాగం ఆనించి చూడండి. చల్లబడలేదనిపిస్తే ఇంకాస్త ఆగండి. ఎండాకాలంలో నా మటుకు నేను తెల్లవారుజామున 5 గంటలకి పెట్టి 8 గంటలకి తీసేస్తాను. అప్పటికి గాలి చల్లగా ఉంటుంది, ఇంట్లో అందరూ లేచి ఉంటారు.

మా అక్క కొడుకు టొరంటోలో చదువుకుంటూ ఎలక్ట్రిక్ సైకిల్ మీద డెలివరీలు చేస్తున్నాడు. వాడికి సమస్య తిరగబడింది. 0 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెడితే లిథియం లోపలికి ఇంకకుండా పైన లోహపు పూతలా పేరుకుంటుంది. ఆ పూతే ముల్లులా పెరిగి మధ్య పొరని గుచ్చుతుంది. మంచులో తిరిగొచ్చాక బ్యాటరీని మామూలు వేడికి రానిచ్చి, అప్పుడు పెట్టమని చెప్పాను. హీటరు పక్కన పెట్టి తొందరపెట్టొద్దని కూడా చెప్పాను.

ఛార్జర్

కిందటేడు వేసవిలో ఒక డెలివరీ అబ్బాయి గోనెసంచిలో బ్యాటరీ పట్టుకొచ్చాడు. "అన్నా, ఈమధ్య బాగా వేడెక్కుతోంది. ఛార్జర్ కూడా కొత్తదే కొన్నాను" అన్నాడు. పాతది పాడైతే వేరే చోట సగం ధరకి కొన్నాడట. పిన్ను సరిగ్గా పట్టింది, లైటు వెలిగింది, ఇంకేం అనుకున్నాడు. నేను ఛార్జర్ తిరగేసి చూశాను. లేబుల్ మీద 58.4 వోల్టులని ఉంది. ప్యాక్ మీద చూస్తే 54.6.

రెండిటినీ బజార్లో 48 వోల్టుల ఛార్జర్లనే అంటారు. తేడా లోపలి సెల్ రకంలో ఉంది. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ వాడే ఎన్‌ఎమ్‌సీ రకం సెల్ నిండితే 4.2 వోల్టులు. అవి 13 వరసగా కలిపితే 54.6. ఐరన్ ఫాస్ఫేట్ వాడే ఎల్‌ఎఫ్‌పీ రకం సెల్ నిండితే 3.65 వోల్టులు. అవి 16 కలిపితే 58.4. ఆ అబ్బాయిది 13 సెల్స్ వరస ఉన్న ఎన్‌ఎమ్‌సీ ప్యాక్. దానికి 58.4 ఎక్కిస్తే ఒక్కో సెల్ మీద దాదాపు 4.5 వోల్టులు పడతాయి. అతన్ని అన్నాళ్ళూ కాపాడింది లోపలున్న బీఎంఎస్ బోర్డు. హద్దు దాటగానే అది కరెంటు ఆపేస్తూ వచ్చింది. ప్యాక్ విప్పి చూస్తే ఆ బోర్డు మీద ఒక భాగం కమిలి నల్లబడి ఉంది. అది ఇంకెన్నాళ్ళు ఆపేదో చెప్పలేను.

"ఇంట్లో ఎవరెవరుంటారు తమ్ముడూ?" అని అడిగాను. "అమ్మ, చెల్లి అన్నా. చెల్లి హాల్లోనే పడుకుంటుంది, బ్యాటరీ కూడా అక్కడే" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు కాసేపు చేతులు ఆడలేదు.

కాబట్టి ఛార్జర్ కొనేటప్పుడు పిన్ను పట్టిందా లేదా అన్నది చూడాల్సిన విషయం కాదు. పాత ఛార్జర్ గానీ, దాని లేబుల్ ఫోటో గానీ తీసుకెళ్ళండి. అవుట్‌పుట్ వోల్టేజి దశాంశంతో సహా అదే ఉండాలి. ఆంపియర్లు తక్కువైతే నష్టం లేదు, ఆలస్యంగా ఎక్కుతుందంతే. ఎక్కువైతే మాత్రం ప్యాక్ తట్టుకుంటుందో లేదో కంపెనీని అడగండి. లెడ్ యాసిడ్ బండికిచ్చిన ఛార్జర్‌ని లిథియానికి వాడకండి. వీలైనంతవరకు బండి కంపెనీ ఇచ్చిందే కొనండి. ధర ఎక్కువే, నాకూ తెలుసు. అయినా కొనండి.

ఛార్జర్ కూడా వేడెక్కే వస్తువే. దాన్ని బ్యాటరీ మీద పెట్టొద్దు, గుడ్డ కప్పొద్దు. లోపల ఫ్యాన్ ఉండే రకమైతే ఫ్యాన్ చప్పుడు ఆగిన రోజే దాన్ని పక్కన పెట్టేయండి.

ఇక గోడ ప్లగ్గు. 48 వోల్టుల 10 ఆంపియర్ల ఛార్జర్ మన 230 వోల్టుల లైను నుంచి లాగేది 3 ఆంపియర్ల లోపే. ఇస్త్రీపెట్టె అంతకన్నా ఎక్కువ లాగుతుంది. కానీ ఇస్త్రీ పావుగంటలో అయిపోతుంది, ఇది గంటల తరబడి ఆగకుండా లాగుతుంది. పిన్ను కాస్త వదులుగా ఉన్నా అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మరక కనిపించినా, తీసి పట్టుకుంటే పిన్నులు చురుక్కుమన్నా, ఆ సాకెట్ మార్పించేవరకు వాడొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి, అదే బాక్సులో టీవీ, ఫ్రిజ్ కూడా పెట్టడం అసలు వద్దు.

బుడమేరు నీళ్ళలో మునిగిన బండ్లు

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. నీళ్ళు తీసిన తర్వాత నెలరోజులు నా షాపు ముందు బండ్లే. చాలామంది అప్పటికే ఒక పని చేసి ఉన్నారు. కడిగి, రెండ్రోజులు ఎండబెట్టి, ఛార్జింగ్ పెట్టి చూశారు. "పని చేస్తోందండీ, ఒకసారి చూడండి చాలు" అన్న ఒక మాస్టారి ప్యాక్ విప్పితే లోపల అడుగున బురద, నికెల్ పట్టీల మీద పచ్చటి చిలుము, బోర్డు మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. రెండు వరసల సెల్స్ వోల్టేజి 0. ఆ ప్యాక్‌ని ఆయన నాలుగు రోజులు రాత్రిపూట ఛార్జింగ్ పెట్టారు.

"కంపెనీవాళ్ళు ఐపీ 67 అన్నారు కదా" అని అడిగేవాళ్ళున్నారు. ఆ గుర్తుకి అర్థం ఒక మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాలు తట్టుకుంటుందని. కొత్త పెట్టెని శుభ్రమైన నీళ్ళలో పెట్టి చేసే పరీక్ష అది. మూడేళ్ళు గతుకుల్లో తిరిగిన పెట్టెని మురుగునీళ్ళలో మూడు రోజులు ముంచడం వేరు. వానలో తడిస్తే ఫరవాలేదు, మునిగితే అది పాడైన బ్యాటరీ కింద లెక్క. తడి ఆరినా లోపల మిగిలిన బురద, ఉప్పు కరెంటుకి దారి చూపిస్తాయి. ఇవాళ పని చేసి వారం తర్వాత అంటుకోవచ్చు.

మునిగిన బండి తాళం తిప్పకండి, ఛార్జింగ్ పెట్టకండి. ఇంటికి దూరంగా ఆరుబయటికి నెట్టి, కంపెనీ సర్వీసుకి చెప్పండి. ఇన్సూరెన్సు ఉంటే ఫోటోలు తీసి క్లెయిమ్ పెట్టండి. మాస్టారు నా మాట విని ప్యాక్ మార్పించారు. డబ్బు పోయిందని బాధపడ్డారు, ఆ బాధ న్యాయమైనదే.

ఏ గుర్తులు చూసి ఆపేయాలి

పెట్టె ఉబ్బడం, ఒకవైపు మాత్రమే వేడెక్కడం, నెయిల్ పాలిష్‌లాంటి తియ్యటి ఘాటు వాసన, బుస్సుమనే చప్పుడు. వీటిలో ఏది కనిపించినా ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. 60 కిలోమీటర్లు వచ్చే బండి వారంలో 35కి పడిపోతే, మీటరు 40 శాతం చూపిస్తుండగానే బండి ఆగిపోతే, లోపల ఒక వరస దెబ్బతిందని అర్థం. బండి పడిపోయి పెట్టె సొట్టపోయినా చూపించండి. సొట్ట తీయించుకోవడం కాదు, లోపల చూపించుకోవడం ముఖ్యం.

ఫోన్ వెనక మూత లేచినా, పవర్ బ్యాంక్ బొద్దుగా అయినా ఇదే సంగతి. నొక్కి మూయకండి, సూదితో గాలి తీయకండి. ఆ గాలి లోపలి రసాయనాలు విడిపోయి పుట్టిన వాయువు, మండుతుంది. ఇసుక పోసిన ఇనప బకెట్లో పెట్టి ఆరుబయట ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. చెత్తబండిలో వేయొద్దు. అక్కడ నలిగితే అంటుకుని, ఎత్తే కార్మికుడి చేతులు కాలతాయి. వాడేసిన బ్యాటరీలు తిరిగి తీసుకునే బాధ్యత తయారుచేసినవాళ్ళదేనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కొన్న చోటే అడగండి.

నెలల తరబడి వాడక పూర్తిగా పడిపోయిన ప్యాక్‌ని "ఒకసారి డైరెక్టుగా కరెంటిచ్చి లేపు అన్నా" అని వస్తారు. నేను లేపను. సెల్ మరీ కిందికి దిగిపోయాక లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్ళీ ఎక్కించేటప్పుడు ఆ రాగి వేరేచోట పేరుకుని లోపలే షార్ట్ చేస్తుంది. పాత ల్యాప్‌టాప్ సెల్స్ ఏరి కొత్తవాటితో కలిపి ప్యాక్ కట్టడం కూడా అంతే ప్రమాదం. తక్కువలో చేసిస్తామనే చోట సెల్స్ ఎక్కడివో, అన్నీ ఒకే బ్యాచ్‌వో కావో అడగండి. చెప్పకపోతే వెనక్కి వచ్చేయండి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు ప్యాక్ తయారైన తేదీ చూడండి. ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ భద్రతకి పెట్టిన ఏఐఎస్ 156 నిబంధనలు 2022 డిసెంబర్‌లో ఒక విడత, 2023 మార్చి చివర్లో రెండో విడత గట్టిపడ్డాయి. సెల్స్ మధ్య ఎడం, ప్యాక్ లోపల వేడి అదుపు తప్పితే హెచ్చరిక వంటివి వాటితోనే వచ్చాయి. నేనైతే ఆ తర్వాత తయారైన ప్యాక్‌నే తీసుకుంటాను. రిజిస్ట్రేషన్ అక్కర్లేని 25 కిలోమీటర్ల వేగం బండ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండండి.

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు సగం ఛార్జింగ్‌తో, ప్లగ్గు తీసేసి, నీడలో వదిలి వెళ్ళండి. మామూలు రోజుల్లో ఎన్‌ఎమ్‌సీ అయితే 80 శాతం చాలు. ఎల్‌ఎఫ్‌పీ అయితే వారానికి ఒకసారి పూర్తిగా నింపితే మీటరు లెక్క సరిగ్గా ఉంటుంది. ఫోన్‌ని దిండు కింద పెట్టి ఛార్జింగ్ పెట్టొద్దని పిల్లలకి చెప్పండి. విమానంలో పవర్ బ్యాంక్‌ని చేతి సంచిలోనే ఉంచుకోవాలి, చెక్ ఇన్ పెట్టెలో వేయకూడదు.

అంటుకుంటే

పొగ కనిపించిన క్షణాన బ్యాటరీని పట్టుకుని బయటికి పరిగెత్తాలనిపిస్తుంది. చేయొద్దు. అది చేతుల్లోనే పేలవచ్చు. మెయిన్ స్విచ్ మీరు బయటికి వెళ్ళే దారిలో ఉంటే దించండి, లేకపోతే వదిలేయండి. పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకుని బయటికి వచ్చి, మీరు దాటిన తలుపు మూసేయండి. మూసిన తలుపు పొగని కాసేపు ఆపుతుంది. పైఅంతస్తుల వాళ్ళని కేకేసి లేపండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, అంటుకున్నది లిథియం బ్యాటరీ అని తప్పకుండా చెప్పండి.

లిథియం మీద నీళ్ళు పోయకూడదని చాలామంది నమ్ముతారు. అది లోహపు లిథియం సంగతి. మన ఫోన్లలో, బండ్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీని చల్లార్చేది నీళ్ళే, కాకపోతే చాలా కావాలి. ఫోన్ అంటుకుంటే ప్లగ్గు తీసున్నప్పుడు దూరం నుంచి నీళ్ళు కుమ్మరించండి. స్కూటర్ ప్యాక్ అయితే ఫైర్‌వాళ్ళకే వదిలేయండి. పొడి చల్లే సిలిండర్ పైమంటని ఆర్పుతుంది గానీ లోపలి వేడిని తగ్గించదు.

ఆరిపోయిన ప్యాక్ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా మళ్ళీ అంటుకుంటుంది. అది చల్లారిందని ఇంట్లోకి గానీ పార్కింగులోకి గానీ తీసుకురాకండి. ఇంటికీ, బండ్లకీ కనీసం 50 అడుగుల దూరంలో ఆరుబయట ఉంచమని ఫైర్‌వాళ్ళని అడగండి. పిల్లలు, కుక్కలు దగ్గరికి పోకుండా చూడండి. తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకి అది ఎన్నింటికి కాలిందో, తర్వాత ఎన్నిసార్లు పొగ వచ్చిందో చెప్పి అప్పగించండి.